బొమ్మ వెనకాల పేరు

"దీని వెనకాల నా పేరు రాసుకోవచ్చాండీ?"

యానాంలో ఒక మత్స్యకారుల పేటలో, సంఘ భవనం వరండాలో కూర్చుని బొమ్మలు వేస్తున్న స్త్రీలలో ఒకామె అడిగిన మాట ఇది. ఆమె చేతిలో ఆరంగుళాల చదరపు అట్ట, దాని మీద ఇంకా తడి ఆరని నీలం రంగు. కార్యక్రమం నడిపిస్తున్న అమ్మాయి మర్యాదగానే జవాబిచ్చింది. "ఇది అందరం కలిసి వేస్తున్న బొమ్మ కదమ్మా, విడివిడిగా పేర్లెందుకు?" అంది. ఆమె మళ్లీ మాట్లాడలేదు. అట్టను జాగ్రత్తగా గోడకు చేరవేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. చూడడానికని ఆ పూట అక్కడికి వెళ్లిన నాకు కూడా ఆ జవాబు సబబుగానే తోచింది. సమష్టి, సామూహికత అన్న మాటలు మనకు అంత అలవాటు. కాకినాడ బస్సెక్కాక గాని అసలు సంగతి తట్టలేదు. ఆ వరండాలో కట్టిన బ్యానరు మీద మూడు పేర్లున్నాయి. కార్యక్రమం జరుపుతున్న సంస్థ పేరు, డబ్బిచ్చినవారి పేరు, రంగులు ఎలా వేయాలో చూపించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన చిత్రకారుడి పేరు.

ఈ తరహా పనులు మన సంఘాలకు ఇప్పుడు కొత్త కాదు. ఒక్కొక్కరికీ ఒక చిన్న అట్టో గుడ్డముక్కో ఇస్తారు. మీ ఊరి గురించి, మీ బతుకు గురించి ఏది తోస్తే అది వేయమంటారు. అన్నీ కలిపి ఒక పెద్ద చట్రంలో బిగిస్తారు. ప్రారంభోత్సవం, ఫోటోలు, నివేదిక. అక్కడితో ప్రాజెక్టు ముగుస్తుంది. దీన్ని ఎగతాళి చేయడానికి ఇది రాయడం లేదు. ఆ వరండాలో జరిగినది చిన్న విషయం కాదు. తెల్లవారకముందే రేవుకెళ్లి, వేలంలో చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే స్త్రీలు మూడు గంటలసేపు ఒకచోట కూర్చున్నారు. "మాకు ఇవన్నీ చేతకావండీ, ముగ్గయితే వేస్తాం గానీ" అంటూనే మొదలుపెట్టారు. లెక్క తప్పకుండా చుక్కలు పెట్టి, గీత తెగకుండా తిప్పగలిగిన చేతికి కుంచె ఒక లెక్కా?

గంట తిరక్కముందే బొమ్మలతో పాటు మాటలూ వచ్చాయి. ఒకామె పులస చేపల తట్ట వేసింది. ఒకామె టైల్స్ ఫ్యాక్టరీ గేటు, దాని ముందు స్టాండు వేసిన సైకిలు వేసింది. 2012 జనవరిలో రీజెన్సీ సిరామిక్స్ దగ్గర జరిగిన గొడవల్లో ఒక కార్మిక నాయకుడు, ఒక యాజమాన్య అధికారి చనిపోయారు. ఫ్యాక్టరీ తగలబడి మూతపడింది. ఆ తర్వాత ఇళ్లు ఎవరు నడిపారో ఆ గేటు ముందు నిలిచిపోయిన సైకిలును చూస్తే తెలుస్తుంది. ఒక పెద్దామె నల్లటి నీళ్లు వేసి, వాటి మీద బోర్లా పడిన పడవ వేసింది. అదేమిటని ఎవరూ అడగలేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను, యానాన్ని, భైరవపాలెం తీరాన్ని కొట్టిన తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు. వేటకెళ్లిన వాళ్లలో ఎంతోమంది శవాలు కూడా ఒడ్డుకు చేరలేదు. సర్వే ఫారాలు పట్టుకుని చాలా ఏళ్లు తిరిగినదాన్ని. ఏ ప్రశ్నావళికీ రాని జవాబులు ఆ అట్టల మీద చూశాను.

నెల తర్వాత ప్రదర్శనకు వెళ్లాను. గోదావరి గట్టున పెద్ద చట్రం, అందులో వరసలు వరసలుగా అట్టలు. దూరం నుంచి చూడడానికి బాగుంది. దగ్గరికి వెళ్తే, వరస కుదరడం కోసం కొన్ని అట్టల అంచులు కోసేసిన సంగతి కనబడింది. పులస తట్టకు ఒక పక్క లేదు. ఇంకొక బొమ్మ అసలే లేదు. నీలం రంగు బొమ్మ. ఆమె వేసింది బ్రాందీ షాపు. నీలం తలుపులు, పైన బోర్డు, మెట్ల మీద కూర్చున్న మగమనిషి, అతని జేబు దగ్గర ఒక ఆడచెయ్యి. ఎందుకు పెట్టలేదని అడిగితే "ఊరి ప్రతిష్ఠ" అన్నారు. వచ్చే అతిథులు బాధపడతారన్నారు. ఐఫిల్ టవర్‌ను తలపించే యానాం టవర్ వేసిన అట్టలు మాత్రం నాలుగు ఉన్నాయి.

ఊరి ప్రతిష్ఠ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. యానాం చరిత్ర అనగానే ఫ్రెంచి వాళ్లు, 1954 విమోచన, 1962లో చట్టరీత్యా విలీనం చెబుతాం. ఆ ఊరికి కల్యాణపురం అని ఇంకో పేరుంది. వినడానికి ఎంత మంగళకరంగా ఉంది! 1929లో శారదా చట్టం వచ్చి, మరుసటి ఏడాది నుంచి బ్రిటిష్ ఇండియాలో పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లల పెళ్లిళ్లు నేరమయ్యాయి. చుట్టూ ఉన్న గోదావరి జిల్లాకు ఆ చట్టం వర్తిస్తుంది. ఫ్రెంచి పాలనలో ఉన్న యానానికి వర్తించదు. అందుకని ఇవతలి గ్రామాల వాళ్లు పసిపిల్లలను అక్కడికి తీసుకెళ్లి పెళ్లిళ్లు చేసి తిరిగి తెచ్చుకునేవారు. వీరేశలింగం గారి రాజమండ్రికి కూతవేటు దూరంలోనే ఇది జరిగింది. ఆరేళ్ల తర్వాతో అరవయ్యేళ్ల తర్వాతో సరిహద్దు ఉపయోగం మారదు. 1992లో దూబగుంటలో మొదలైన సారా ఉద్యమం చూస్తుండగానే రాష్ట్రమంతా పాకింది. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అది 1997లో ఎత్తేసేదాకా కాగితం మీద ఉన్నన్నాళ్లూ, పుదుచ్చేరి పాలనలోని యానాంలో షాపులు తెరిచే ఉన్నాయి. గోదావరి జిల్లాల మగవాళ్లకు దారి తెలుసు. నిషేధం పోయాక కూడా పన్ను తేడా వల్ల అక్కడి చౌక మద్యానికి పేరు నిలిచింది. చట్టం స్త్రీల పక్షాన ఒక అడుగు వేసిన ప్రతిసారీ, ఆ అడుగును తప్పించుకోవడానికి అరగంట ప్రయాణంలో ఒక గీత సిద్ధంగా ఉంది. ఆ గీతకు అటువైపు కాపురం చేస్తున్న స్త్రీకి ఆ గీత ఎలా కనబడుతుందో ఎవరైనా అడిగారా? ఆమె ఆరంగుళాల అట్ట మీద చెప్పింది. దాన్నే తీసేశారు.

ఇక పేరు సంగతి. చిన్న ముక్కలు చేసి ఇవ్వడం, ఎవరో వాటిని కలిపి పెద్ద వస్తువుగా అమ్ముకోవడం గోదావరి స్త్రీలకు బాగా తెలిసిన వ్యవహారం. వశిష్ఠ ఒడ్డున నరసాపురం చుట్టుపక్కల, మిషనరీలు నేర్పిన లేసు అల్లిక 19వ శతాబ్దం నుంచీ సాగుతోంది. ఒకామె పువ్వులు అల్లుతుంది. ఇంకొకామె అతుకుతుంది. ఆ పువ్వులతో తయారైన బల్లగుడ్డ ఏ దేశంలో ఏ బల్ల మీద పరుస్తారో అల్లినామెకు తెలియదు. 1970ల చివర అక్కడ పరిశోధన చేసిన మరియా మీస్ 1982లో అచ్చయిన పుస్తకంలో ఒక విషయం తిరుగులేకుండా చూపించింది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్నా ఆ స్త్రీలను ఎవరూ కార్మికులుగా లెక్కపెట్టలేదు. ఎగుమతి వ్యాపారులూ, ప్రభుత్వ అధికారులూ, ఇంట్లో మగవాళ్లూ అందరిదీ ఒకటే మాట: ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు తీరిక వేళ ఏదో అల్లుకుంటున్నారు. ఆ "తీరిక" అన్న మాట మీదే కూలి అంత తక్కువగా నిలబడింది. ఘోషా పాటించే కులాల స్త్రీలయితే గడప దాటకపోవడమే గౌరవం అనుకుంటూ, పొలం పనికెళ్లే దళిత స్త్రీ కంటే తక్కువ సంపాదించారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. పేరు ఊరికి వచ్చింది.

యానాం వరండాలో కూడా "తీరిక" అన్న మాటే వినబడింది. చిత్రకారుడికి పారితోషికం ఇచ్చారు. ఇవ్వాల్సిందే. బ్యానరు రాసినతనికి, వ్యాను నడిపినతనికి, టెంటు వేసినతనికి ఇచ్చారు. బొమ్మలు వేసిన వాళ్లకు టీ, భోజనం. "డబ్బిస్తే స్వచ్ఛందంగా చేసిన భావన పోతుంది" అన్నారొకరు. ఆ పూట చేపలు అమ్ముకోని వాళ్ల నష్టం ఏ పద్దులో వేయాలో ఆయన చెప్పలేదు. (ఇలాంటి సమావేశాల్లో ఇలాంటి మాటలు నెల జీతం తీసుకునే మనలాంటి వాళ్లకే తోస్తాయి.)

చట్టం ఏమంటుందో మన కార్యకర్తల్లో చాలామంది చూసి ఉండరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ మీద మొదటి హక్కు దాన్ని వేసిన వ్యక్తిదే. బడిలో చిత్రలేఖనం నేర్చుకుందా లేదా అని చట్టం అడగదు. అయితే సెక్షన్ 17లో ఒక మెలిక ఉంది. ఒకరు అడిగి, ప్రతిఫలం ఇచ్చి వేయించుకున్న బొమ్మ మీద, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ వేయించుకున్నవారిది అవుతుంది. అంటే డబ్బివ్వకుండా వేయించుకున్న ఆ అట్టల మీద కాపీరైట్ ఆ స్త్రీలదే. వాటిని క్యాలెండరు మీదో వార్షిక నివేదిక మీదో అచ్చు వేయాలంటే వాళ్ల అనుమతి ఉండాలి. ఆ హక్కును ఇంకొకరికి రాసివ్వడం కూడా రాతపూర్వకంగానే జరగాలని సెక్షన్ 19 చెబుతుంది. రేపు మనం డబ్బిచ్చి వేయిస్తే, హక్కు వాళ్లకే ఉంటుందని ఆ రోజే కాగితం మీద రాయకపోతే, కూలితో పాటు హక్కునూ కొనేసుకున్న వాళ్లమవుతాం.

సెక్షన్ 57 ఇంకా ముఖ్యమైనది. కాపీరైట్ ఎవరి చేతికి పోయినా, ఈ బొమ్మ నాది అని చెప్పుకునే హక్కు వేసినవారిని వదిలిపోదు. దాన్ని వాళ్ల గౌరవానికి భంగం కలిగేలా కోసినా, చెడగొట్టినా అడగవచ్చు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో చేసిన పెద్ద కాంస్య కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెక్కితే, 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకు అప్పగించి, ఐదు లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంది. అదే ఢిల్లీలో జాతీయ చేతిపనుల మ్యూజియంలో మిథిలా చిత్రకారిణి గంగాదేవి వేసిన కోహ్బర్ గది ఉండేది. 1991లో క్యాన్సరుతో చనిపోవడానికి ముందు, చికిత్స మధ్యలో వేసింది. పద్మశ్రీ పొందిన మనిషి. ఆ గోడలు మరమ్మతుల పేరిట పోయిన సంగతి 2015లో గాని బయటికి రాలేదు. శిల్పికి కోర్టు మెట్లెక్కే బలం ఉంది. గంగాదేవి అప్పటికి లేదు. ఇక పులస తట్ట అంచు కోస్తే అడిగేదెవరు?

అయితే అన్నిటికీ చట్టం అక్కరకు రాదు. బొమ్మను ప్రదర్శించకపోవడం హక్కుల ఉల్లంఘన కాదని ఆ సెక్షన్ 57 లోనే వివరణ ఉంది. బ్రాందీ షాపు బొమ్మను చట్టం కాపాడదు. ఏ బొమ్మ పెట్టాలి, ఏది వద్దు అని నిర్ణయించే చోట బొమ్మలు వేసిన వాళ్లు కూర్చుని ఉంటేనే అది చట్రంలో ఉండేది.

పేర్లు వేస్తే సమష్టితత్వం పోతుందన్న వాదన మన వాళ్లలోనూ ఉంది. 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలో పనిచేసిన స్త్రీల కథనాలు వాళ్ల వాళ్ల పేర్లతో వచ్చాయి. పోరాటం అందరిదీ కాకుండా పోలేదు. అమెరికాలో ఎయిడ్స్‌తో చనిపోయిన వాళ్ల జ్ఞాపకంగా 1987లో వాషింగ్టన్‌లో పరిచిన బొంతలో మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఉన్న ఒక్కొక్క ముక్క ఒక్కొక్క మనిషి పేరు మీద కుట్టింది. చూసినవాళ్లను కదిలించింది ఆ పేర్లే. రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లేవాళ్లు, ఆయన బొమ్మలతో పాటు భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ వేసినవి కూడా చూడగలుగుతున్నారంటే, వాటి కింద పేర్లు ఉండబట్టే. 1925లో ఇరవయ్యేడేళ్లకే పోయిన దామెర్ల గురించి తెలిసినంత ఆ ఇద్దరి గురించి మనకు తెలియదన్నది వేరే సంగతి.

పేరు వద్దనే స్త్రీలూ ఉంటారు. తాగి కొట్టే మొగుడున్న ఇంట్లో, బ్రాందీ షాపు బొమ్మ కింద పేరు ఉండడం ప్రమాదమే. కాబట్టి అందరి పేర్లూ తప్పనిసరిగా వేయమనడం లేదు. వేయాలా వద్దా, వేస్తే పుట్టింటి పేరా అత్తింటి పేరా, అసలు పేరా పేటలో పిలిచే పేరా అన్నది ఆమె చెప్పాలి. అడగడం మన పని. ఇది మన మీద కూడా పెట్టుకోవలసిన ప్రశ్న. సారా ఉద్యమం రోజుల్లో మేం వేసిన గోడపత్రికలు ఇప్పటికీ ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి. మొన్న తీసి చూస్తే అన్నిటి కిందా సంఘం పేరు, ప్రెస్సు పేరు ఉన్నాయి. కుండ పగలగొడుతున్న ఆడమనిషి బొమ్మ వేసిందెవరో మాలో ఎవరికీ గుర్తు లేదు.

నీలం రంగు అట్టను ఆమె అడిగి ఇంటికి తీసుకెళ్లిందని తర్వాత తెలిసింది. ఈ సంచిక వెనక అట్ట మీద వేస్తామని కబురు పెట్టాం. "నాలుగు రోజులాగండి, మా అమ్మాయితో మాట్లాడి చెప్తాను" అంది. సంచిక అచ్చుకు వెళ్లేనాటికి జవాబు రాలేదు. అందుకని వెనక అట్ట ఖాళీగా ఉంది.

ఈ తరహా కార్యక్రమాలు జరిపిన సంఘాలు, బొమ్మలు వేసిన స్త్రీలతో ఏమైనా ఒప్పంద పత్రం రాసుకుని ఉంటే దాని నకలు మాకు పంపండి. రాసుకోకపోతే ఎందుకు రాసుకోలేదో రాయండి. వచ్చిన వాటిని బట్టి, చదివి వినిపిస్తే ఎవరికైనా అర్థమయ్యే తెలుగులో, ఒక పేజీకి మించకుండా నమూనా పత్రం తయారు చేసి వచ్చే సంచికలో వేస్తాం.