కంట్లో పుల్ల గీరుకుంటే...

వేసవి వచ్చిందంటే జి.కొండూరు, నూజివీడు చుట్టుపక్కల తోటల్లో మామిడి కోతల సందడే సందడి. తల పైకెత్తి చిక్కంతో కాయ దింపుతుంటే కొమ్మ రివ్వున వెనక్కి కొట్టొచ్చు. ఎండుపుల్ల కంట్లో గీరుకోవచ్చు. తొడిమ తెగిన చోటు నుంచి సొన చిందొచ్చు. కన్ను ఎర్రబడి నీరు కారుతుంది. 'రేపటికి అదే తగ్గుతుందిలే' అనుకోవడం మామూలే. నిజానికి చాలాసార్లు తగ్గుతుంది కూడా. ఎందుకు తగ్గుతుందో తెలిస్తే, ఎప్పుడు తగ్గదో కూడా అర్థమవుతుంది.

నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పొర కార్నియా. దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. అందులో అన్నిటికన్నా పైన ఉండేది ఐదారు వరుసల కణాలే. వారం పదిరోజుల్లో ఆ కణాలన్నీ రాలిపోయి కొత్తవి వస్తాయి. ఒంటి మీద దెబ్బ తగిలితే రక్తం వచ్చి మరమ్మతు మొదలుపెడుతుంది. కార్నియాలో రక్తనాళాలే ఉండవు. ఉంటే చూపు మసకబారిపోదూ! అందుకే ఆ పనిలో పెద్ద వంతు కన్నీటిదే. కన్నీటిలో 'గ్రోత్ ఫ్యాక్టర్లు' అనే ప్రొటీన్లు ఉంటాయి. గీత పడగానే అవి గాయం అంచునున్న కణాలకు కబురందిస్తాయి. ఆ కణాలు జరుగుతూ వచ్చి ఖాళీని కప్పేస్తాయి. తర్వాత రెట్టింపవుతూ మందం పూడుస్తాయి. పైపొర మీది చిన్న గీత ఒకటి నుంచి మూడు రోజుల్లో మానడం వెనక రహస్యం ఇదే.

ఈ ప్రొటీన్లు దొరికిన కథకూ కంటితో సంబంధం ఉంది. అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కించారు. రెండు వారాలకు తెరుచుకోవలసిన కళ్లు వారంలోనే తెరుచుకున్నాయి. ఆ ప్రొటీన్ వివరాలు 1962లో అచ్చయ్యాయి. రీటా లెవి-మాంటల్చినితో కలిసి ఆయన 1986లో నోబెల్ అందుకున్నారు.

కంట్లో చనుబాలు పిండే అలవాటు పల్లెల్లో ఉంది. చనుబాలలో గ్రోత్ ఫ్యాక్టర్లున్న మాట నిజమే. కానీ క్రిములూ ఉండొచ్చు. అందుకే గాయం ఎంతకీ మానకపోతే వైద్యులు రోగి రక్తం నుంచే సీరం తీసి, శుభ్రంగా చుక్కల మందు తయారుచేస్తారు. ఆకు పసర్లు, ఆముదం మాత్రం వద్దే వద్దు.

అసలు ప్రమాదం గీత కాదు, దాని వెంట లోపలికి వెళ్లే బూజు, బ్యాక్టీరియా. పుల్ల, ఆకు తగిలిన గాయాల్లో బూజు భయం ఎక్కువ. అలాంటప్పుడు మందుల షాపులో అడిగి స్టిరాయిడ్ చుక్కలు వేసుకుంటే ఎరుపు తగ్గినట్టుంటుంది. లోపల బూజు బలపడుతుంది, గాయం మానడమూ మందగిస్తుంది. చివరికి కంట్లో పువ్వు పడుతుంది.

ఎంత త్వరగా వెళ్లాలి? నేపాల్‌లోని భక్తపూర్‌లో జరిగిన అధ్యయనం 2001లో దీనికి జవాబిచ్చింది. కార్నియా గీరుకుపోయిన 18 గంటల్లోపు వచ్చి యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ వేయించుకున్న 284 మందిలో ఒక్కరికీ పుండు పడలేదు. ఒక రోజు దాటాక, రెండు రోజుల్లోపు వచ్చిన 49 మందిలో 14 మందికి పుండు పడింది.

సున్నం పడితే మాత్రం గంటలు కాదు, నిమిషాలు లెక్క. నిషేధం ఉన్నా కాయలు మగ్గించడానికి కొందరు వాడే కార్బైడ్ తడి తగిలితే మిగిలేదీ సున్నమే. తెల్లగుడ్డు, నల్లగుడ్డు కలిసేచోట కార్నియాకు కొత్త కణాలనిచ్చే మూలకణాలుంటాయి. సున్నం వాటినే కాల్చేస్తుంది. విత్తనమే లేని మడిలో ఎన్ని ఎరువులు చల్లినా నారు వస్తుందా? గ్రోత్ ఫ్యాక్టర్లున్నా అంతే.

ఆ విత్తనాన్ని మళ్లీ నాటే తేలిక పద్ధతిని హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు వీరేందర్ సంగ్వాన్, ఆయన బృందం 2012లో ప్రపంచానికి చెప్పారు. బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, ఎనిమిది పది ముక్కలు చేసి, కాలిన కంటిపై పరిచిన మాయపొర మీద అతికిస్తారు. లేబొరేటరీ అక్కర్లేదు, కణాలు కంటిమీదే పెరుగుతాయి. 2016లో వెలువడిన ఫలితాల్లో 125 మందిలో 76 శాతం మందికి ఇది ఫలించింది. అయితే రెండు కళ్లూ కాలితే తీయడానికి ఆరోగ్యమైన అంచే ఉండదు.

కాబట్టి సున్నం పడితే రేణువులు తీసేసి, రెప్పలు విప్పి పట్టుకుని, అరగంటైనా మంచినీళ్లతో ధారగా కడగండి. ఆ తర్వాతే ఆసుపత్రికి బయలుదేరండి. పుల్ల గీరుకుంటే నలపకండి, సొంత వైద్యం చేయకండి. అదేరోజు కంటి డాక్టరుకు చూపించండి. కోతకు వెళ్లేటప్పుడు చిక్కంతోపాటు ఓ జత కళ్లద్దాలూ పట్టుకెళ్తే ఇంకా మంచిది.