పాట కంటే ముందు పలికేది పోస్టరే

పాట వినకముందే అది ఎలాంటి పాటో పోస్టరు చెప్పేస్తుంది. మంచి పోస్టరైతే ఇంకో సంగతి కూడా చెబుతుంది, ఆ పాట ఎవరి కోసమో. ఈ రెండో సంగతిని ఎదిగే పిల్లలున్న అమ్మలం కాస్త గమనించాలని నా అభిప్రాయం.

ఈమధ్య చాలా ఇళ్ళల్లో ఒకటే గొడవ. పిల్లాడి గది గోడ మీద నల్లటి పోస్టరు. దాని మీద ఎముకలో, వేళ్ళో, ముళ్ళకంపో తెలియని అక్షరాలు. ఇంటర్ చదివే మావాడి గదిలోనూ ఒకటుంది. దాన్ని చూసినప్పుడల్లా మా అత్తగారు "దీపం పెట్టే ఇంట్లో ఈ దయ్యాలేమిటమ్మా!" అంటారు. మావారు తీసి పారేయమంటారు. నేను మాత్రం ఉండనివ్వమనే అంటాను.

అది మెటల్ సంగీతం వాళ్ళ పద్ధతి. కొన్ని బృందాలు తమ పేరుని చెట్టు వేళ్ళలా అల్లేసి, కావాలనే చదవడానికి వీల్లేకుండా రాయిస్తాయి. తెలిసినవాడు గుర్తుపడతాడు, తెలియనివాడు దాటిపోతాడు. ఆ సంగీతమూ అంతే. కొత్తవాళ్ళకి ఒట్టి రొద, అలవాటైనవాళ్ళకి అందులో బోలెడంత లెక్క. పదహారేళ్ళ పిల్లాడికి కావలసింది సరిగ్గా అదే, అమ్మ చదవలేని ఒక్క కాగితం. అది మన మీద కోపం కాదు, వాడి గది తలుపుకి వాడు పెట్టుకున్న చిన్న గడియ. చించేస్తే వాడు ఇంకో గడియ వెతుక్కుంటాడు. "ఇందులో ఏం రాసుందిరా?" అని అడిగి చూడండి, అరగంట కూర్చోబెట్టి చెబుతాడు. మామూలప్పుడు ఆ అరగంటలో వాడి నోట వచ్చేవి "ఊ", "తెలీదు" అనే రెండు మాటలే కదా!

చదవలేని అక్షరాలు ఇప్పుడు పుట్టినవేం కావు. 1960ల్లో శాన్ ఫ్రాన్సిస్కోలో రాక్ కచేరీలకి వెస్ విల్సన్ వేసిన పోస్టర్లలో అక్షరాలు మంటల్లా మెలికలు తిరుగుతాయి. రంగులు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. చదవాలంటే నిలబడి చూడాలి. సాగి సాగి పోయే ఆ సంగీతానికీ అలాగే తీరిక కావాలి. 1967లో ఆయన తప్పుకున్నాక ఫిల్మోర్ హాలు పోస్టర్ల పని బోనీ మెక్‌లీన్ అనే ఆవిడ చేతికొచ్చింది. అంతకుముందు ఆవిడ అదే హాల్లో రాబోయే కచేరీల వివరాలు బోర్డు మీద సుద్దముక్కతో రాసేది. రోజూ ముగ్గుపిండి పట్టుకునే చేతులకి ఈ సంగతి నచ్చకుండా ఉంటుందా?

పంక్ సంగీతం దారి వేరు. 1977లో సెక్స్ పిస్టల్స్ బృందానికి జేమీ రీడ్ చేసిన పోస్టర్లలో, ఆల్బమ్ అట్టలో, అక్షరాలు పేపర్లోంచి కత్తిరించి అతికించినట్టుంటాయి, అచ్చం బెదిరింపు ఉత్తరంలా. నాలుగు తీగలు మీటడం వస్తే చాలు, పాడెయ్యొచ్చు అన్న సంగీతానికి, కత్తెర, జిగురు ఉంటే చాలు అన్న పోస్టరు!

హిప్ హాప్ కథ ఇంకా ముచ్చటైనది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయికి బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలనిపించింది. 1973 ఆగస్టు 11న తాము ఉండే అపార్ట్‌మెంట్ హాల్లో పార్టీ పెట్టి, చిన్న చిన్న అట్టముక్కల మీద చేత్తో రాసి పంచింది. ఆడపిల్లలకి పావు డాలరు, మగపిల్లలకి అర డాలరు. వాళ్ళన్నయ్య రికార్డులు వేశాడు. హిప్ హాప్ పుట్టినరోజుగా ఆ రోజునే చెప్పుకుంటారు. అచ్చు లేదు, బొమ్మ లేదు. కానీ ఆ చేతిరాతే చెప్పింది, ఇది మన వీధి పిల్లల పార్టీ అని.

ఇక మన సంగతికొద్దాం. త్యాగరాజ ఆరాధన పోస్టరు చూడండి. తంబురా పట్టుకున్న త్యాగయ్య, కుంకుమ రంగు, పేర్ల ముందు బిరుదులు, గాత్రం తర్వాత వయొలిన్, ఆ తర్వాత మృదంగం. దూరం నుంచే శాస్త్రీయ సంగీతమని తెలిసిపోతుంది. కింద "అందరూ ఆహ్వానితులే" అని ఉంటుంది. కానీ పోస్టరు వాలకం మాత్రం "ఇది బామ్మలకీ తాతలకీ" అంటుంది. పిల్లలు అక్షరాలు చదవరు, వాలకమే చదువుతారు.

అయినా అది నయం. పండగలప్పుడు కాలనీల్లో వేలాడే ఫ్లెక్సీల సంగతేమిటి? పోయిన శ్రీరామనవమికి మా కాలనీలో హరికథ పెట్టించారు. ఫ్లెక్సీ నిండా దాతలు, నాయకులు చేతులు జోడించి నిలబడ్డారు. కథ చెప్పే ఆవిడ పేరు అడుగున, పందిరి కర్ర అడ్డం వచ్చేచోట. అదే నమూనాలో మొహాలు మారిస్తే పుట్టినరోజుకీ సరిపోతుంది, సంతాపానికీ సరిపోతుంది. "పోస్టరుదేముంది, పాట బాగుంటే చాలదా" అనేవాళ్ళుంటారు. పాట బాగుందని తెలియాలంటే ముందు మనుషులు రావాలి కదండీ. ఆ రాత్రి ముందు వరసల్లో సగం కుర్చీలు ఖాళీ.

మనకి బొమ్మలు లేక కాదు. ఒక్కరు నిలబడి, మెడలో దండ, చేతిలో చిరతలు, కాళ్ళకి గజ్జెలు ఉంటే హరికథ. ముగ్గురు నిలబడి, నడిమివాడి భుజాన తంబురా, పక్కవాళ్ళ దగ్గర డక్కీలు ఉంటే బుర్రకథ. అందరూ కూర్చుని ఉంటే కచేరీ. ఒట్టి నీడల్లా గీసినా పోల్చుకోవచ్చు. అక్షరాలకి కరువా? బాపు గారి రాత చూడగానే మనింటి పెళ్ళి శుభలేఖ గుర్తుకు రాదూ!

అందుకే నా మాట ఇది. నవరాత్రులొచ్చేలోగా మీ కమిటీ వాళ్ళని అడగండి, దాతల పేర్లు కింద ఒక్క వరసలో వేసి, మిగతా జాగా పాడేవాళ్ళకి వదలమని. ఆ పోస్టరు వేసే పని గోడల నిండా బొమ్మలు అంటించుకున్న పిల్లలకే అప్పగించమని. ఏ రంగు దేనికి నప్పుతుందో, ఏ అక్షరం ఎలా అరుస్తుందో మనకంటే వాళ్ళకే బాగా తెలుసు. పైగా హరికథకి బొమ్మ వేయాలంటే, ముందు ఒక్కసారైనా కూర్చుని హరికథ వినక తప్పదు కదా.