చీమను చీమగా ఉండనివ్వండి

ఏడు చేపల కథకు తాత్పర్యం చెప్పేవాళ్లంటే నాకు భయం. వాట్సాప్‌లో తిరిగే వ్యాఖ్యానం మీరూ చూసే ఉంటారు: ఎండని చేప మనసు, ఆవు జ్ఞానం, గొల్లవాడు గురువు, చీమ సంసారం. పశువులు కాసేవాడు, ఏడ్చే పసివాడు, కుట్టిన చీమ అందరూ మాయం. మిగిలింది వేదాంతం.

ఇంకో బ్యాచ్ ఉంది, వీళ్లకిది కార్యకారణ సంబంధం నేర్పే కథ. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు బాగా నచ్చే మాట. సర్వర్ పడిపోతే టికెట్ ఒకరి నుంచి ఒకరికి కిందికి జారి, మొన్న చేరిన కాంట్రాక్ట్ కుర్రాడి దగ్గర ఆగుతుంది. దాన్నే మూలకారణం అంటాం.

కథ మళ్లీ గుర్తు చేసుకోండి. గడ్డిమేటు ఆవు పేరు చెప్పింది, ఆవు గొల్లవాడి పేరు చెప్పింది. అందరూ ఇంకొకరి మీదికి తోసి తప్పుకున్నారు. చీమ ఒక్కటే ఎవరి పేరూ చెప్పలేదు. నా పుట్టలో వేలు పెడితే ఊరుకుంటానా అని ఎదురు అడిగింది. వరస అక్కడ ఆగింది చీమ దొరికిపోయినందుకు కాదు, దాని ప్రశ్నకు పైనున్న ఎవరి దగ్గరా జవాబు లేనందుకు.

ఇప్పుడు మనం "నోరులేని వాళ్ల పక్షాన" అంటూ రాస్తున్న పిల్లల కథలు చూడండి. ఏనుగు జాలిపడుతుంది, పిట్ట బతుకుతుంది, థాంక్స్ చెబుతుంది. మన పిల్లలు తమను ఎప్పుడూ ఏనుగు స్థానంలోనే చూసుకుంటారు. దయ నేర్పుతున్నాం, మంచిదే. కానీ పిట్టకు కోపం వస్తే ఏం చెయ్యాలో? ఆ పేజీ మన పుస్తకాల్లో లేదు.

"పిల్లలకు కోపం ఎందుకండీ?" అంటారా? అలంపూర్ వెళ్లి రండి. అక్కడి సంగమేశ్వరాలయం ముందు కూడవెల్లిలో, కృష్ణా తుంగభద్రలు కలిసేచోట ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి కాపాడాలని రాయి రాయిగా విప్పి తెచ్చి అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. చాలా మంచి పని. అదే ప్రాజెక్టు కింద దాదాపు వంద ఊళ్లు మునిగాయి. 1981లో జనాన్ని బలవంతంగా ఖాళీ చేయించారు. రాళ్లకు దక్కిన ఓపిక మనుషులకు దక్కలేదు.

ఆ ఊళ్లలో పిల్లలున్నారు. పుట్టలో వేలు కాదు, ఏకంగా నది వచ్చి దూరింది. ఎవరిని అడిగినా ఇంకొకరి పేరు చెప్పే ఉంటారు. గుడిని మోసుకొచ్చినవాళ్లు మా ఊరిని ఎందుకు మొయ్యలేదని ఒక పిల్ల అడిగే కథ మన బొమ్మల పుస్తకాల్లో ఉండాలి. చివర్లో కలెక్టరుగారు వచ్చి తల నిమరకూడదు. ప్రశ్న దగ్గరే కథ ఆగాలి, ఏడు చేపల కథలాగే.

"పిల్లలకు ఇంత బరువా?" అనే పెద్దమనుషులకు ఒకటే మాట. ఆ బరువు ఇళ్లు ఖాళీ చేసినరోజు పిల్లలే మోశారు. మన పిల్లలకు వినడమే బరువైతే, మనం వాళ్లను పెంచుతున్నది దయగలవాళ్లుగా కాదు, వినిపించనివాళ్లుగా. చీమకు గొంతు ఇవ్వక్కర్లేదు, దానికి ఉంది. నీతివాక్యం పెట్టి దాని నోరు మూయకపోతే చాలు.