హవాయి గిటారుపై భైరవి వర్ణము



గతమాసమున ఊరగాయ జాడీలను గూర్చి వ్రాసితిని. ఈ మాసమున వంటయిల్లు విడిచి ముందుగదిలోనికి రావలసివచ్చినది. ఏలయన, మా వీధి సోదరి యొకామె, "ఏమండీ, మధ్యాహ్నమున మీ యింటనుండి వినవచ్చునది వీణయా, ఏడుపా?" అని మొగముమీదనే యడిగినది. నాకు కోపము రాలేదు. అది యప్పటికి చాలవఱకు ఏడుపే. దాని కథ చెప్పెదను.

నేను బడికి పోయి చదివినదానను కాను. మా తండ్రిగారు నన్ను చెంత కూర్చుండబెట్టుకొని భారత భాగవతములును వసుచరిత్రమును చెప్పిరి. మా మేనత్తగారు వీణ చెప్పిరి. రెండు చదువులును ఒక్క చాపమీదనే జరిగినవి. ఇరువదవ యేట నాకు భైరవిరాగములోని అటతాళ వర్ణము, విరిబోణి యను పేర ప్రసిద్ధమైనది, మొదలుపెట్టి చరణము సగమునకు వచ్చుసరికి పెండ్లి కుదిరినది. "మిగిలినది పండుగకు వచ్చినపుడు చెప్పెదనులే" అని మేనత్తగారనిరి. పండుగలు వచ్చినవి, పోయినవి. పురుళ్ళు, పిల్లల చదువులు, అత్తగారి మోకాళ్ళనొప్పులు, వీనినడుమ ఆ చరణము సగముననే నిలిచిపోయినది.

అటుపైని, ఆఱేండ్ల క్రిందట, కత్తిపీటపై గుమ్మడికాయ కోయుచుండగా కాయ జాఱి నా యెడమచేతి చూపుడువ్రేలు నడిమి కణుపువద్ద తెగినది. వైద్యులు కుట్లు వేసిరి, గాయము మానినది. వ్రేలు మాత్రము మఱల వంగలేదు, పుల్లవలె నిక్కియుండును. ఇంటిపనులకు దానివలన పెద్ద లోటు లేదు. వీణకో, ఆ వ్రేలే ప్రాణము. తంత్రిని మెట్టుమీద అదిమి ప్రక్కకు లాగినగాని గమకము పలుకదు; లాగుటకు చూపుడువ్రేలును మధ్యవ్రేలును కాడికి కట్టిన జోడెద్దులవలె కలిసి నడువవలెను. కొన్నాళ్ళు ఒంటి వ్రేలితో ప్రయత్నించితిని. పిమ్మట వీణకు పాతచీర చుట్టి అటుకమీద పెట్టించితిని. మేనత్తగారికి ఈ సంగతి చెప్పలేదు. ఆమెకు అప్పటికే చూపు మందగించినది. విని కుములునని యూరకుంటిని. ఆమెయో ప్రతి దసరాకును, "చరణము పూర్తిచేయుదమా?" అని మనుమరాలిచేత ఫోనులో అడిగించుచునేయుండిరి. నేను ప్రతి పర్యాయము ఏదో యొక పని చెప్పి తప్పించుకొనుచుంటిని.

మావారి పినతండ్రిగారు ఖరగ్‌పూరు రైల్వే కర్మాగారమున ఉద్యోగము చేసిరి. ఆ యూర తెలుగు కుటుంబములు ఎన్నియో కలవు. ఆయన వంగదేశీయుల పొరుగున కాపురముండి, వారివలన హవాయి గిటారు నేర్చుకొని, పని చాలించి వచ్చునపుడు దానిని నల్లని పెట్టెలో పెట్టి తెచ్చుకొనిరి. ఆయన గతించిన పిమ్మట పెట్టె మా యింట చేరినది. మొన్నటికి ముందు సంవత్సరము మిరపకాయల బస్తాలకు చోటు చాలక కొట్టుగది సర్దుచు దానిని వెలుపల పెట్టితిమి. ఎలుకలు కొట్టినవేమోయని తెఱచి చూచితిని. వాద్యము చెక్కుచెదరక యున్నది. కడ్డీ మాత్రము కనబడలేదు.

ఈ వాద్యమునెఱుగని సోదరీమణులకు రెండు మాటలు. హవాయి యనగా పసిఫిక్ మహాసముద్ర మధ్యమున నున్న ద్వీపములు. పరదేశీయులు అచ్చటికి తెచ్చిన గిటారును, 1889 ప్రాంతమున జోసెఫ్ కెకుకు అను విద్యార్థి ఒడిలో వెల్లకిల పరుండబెట్టి, వ్రేళ్ళతో అదుముటకు మాఱుగా తంత్రులపై ఉక్కుకడ్డీని జార్చుచు వాయించెనని చెప్పుదురు. ఆ ద్వీపవాసి యగు టావ్ మో యను కళాకారుడు 1940 దశకమున భార్యాబిడ్డలతో కలకత్తాలో నివసించి యీ విద్య నేర్పెను. తరువాత వంగదేశమున ఎన్నియో యిండ్లలో రవీంద్రుని పాటలు దీనిపై మ్రోగినవి. రాజస్థానమునందలి జోధపురమున బుట్టిన బ్రిజ్‌భూషణ్ కాబ్రాగారు (1937-2018) హిందూస్థానీ రాగములను దీనిపై నిలిపిరి. శివకుమారశర్మ సంతూరుతోను హరిప్రసాద్ చౌరసియా వేణువుతోను ఆయన గిటారు కలిసిన రికార్డు 1967లో వెలువడినది.

మన దక్షిణదేశమునకు ఈ జార్చుట క్రొత్త కాదు. గోటువాద్యమునకు మెట్లే యుండవు. నున్నని కఱ్ఱతునకను తంత్రులపై జార్చి వాయింతురు. తిరువిడైమరుదూరు సఖారామరావుగారు, తరువాత నారాయణ అయ్యంగారు దానికి పేరు తెచ్చిరి. మన్నార్గుడి సావిత్రి అమ్మాళ్ అను విదుషీమణియు సభలలో దానిని వాయించిరని మన స్త్రీలకు తెలియుట మంచిది. నేడు కొందఱు దానిని చిత్రవీణ యందురు. భరతుని నాట్యశాస్త్రమున చిత్రయను వీణ యున్నమాట నిజమే. కాని అది యేడు తంత్రులది, వ్రేళ్ళతో వాయించునది. ఇదియు నదియు నొక్కటే యనుట పాతపేరుమీది మక్కువయే గాని వేఱుగాదని నా తలంపు.

ఇక నా కథకు వచ్చెదను. మావారు సత్తెనపల్లిలో లేతుమిషనువానిచేత జానెడులో సగముండు ఉక్కుకడ్డీని నున్నగా త్రిప్పించి తెచ్చిరి. దానిని పట్టుకొను తీరు తెలియక, పినతండ్రిగారి పెట్టెలోనే యున్న పాతపుస్తకములోని బొమ్మను చూచితిని. కడ్డీని బొటనవ్రేలికిని మధ్యవ్రేలికిని నడుమ నిఱికించి, చూపుడువ్రేలిని దానిపై నిటారుగా చాచి యుంచవలెనట! ఉంగరపువ్రేలును చిటికెనవ్రేలును కడ్డీ వెనుక తంత్రులమీద తేలికగా ప్రాకుచు, అక్కఱలేని మ్రోతను అడచవలెనట. నేను ఆ బొమ్మను చాలసేపు చూచితిని. నా వ్రేలు చాచియుండుట తప్ప మఱేమియు చేయజాలదు. ఈ వాద్యము దానినుండి కోరునది యంతమాత్రమే. ఆ దినము పొయ్యిమీది పప్పు మాడినది.

సంతోషము మూడు దినములే నిలిచినది. కడ్డీని అదిమినచో తంత్రి మెట్టుకు తగిలి బరబరలాడును. తేల్చినచో గొంతు కీచుమనును. గిటారు మెట్టు వీణమెట్టువంటిది కాదు. వీణమెట్టు స్వరమును నిలబెట్టును. ఇచ్చటి మెట్టు కంటికి గుర్తు మాత్రమే. ఆ గుర్తునకు సరిగా పైన కడ్డీ నిలువవలెను. వెంట్రుకవాసి ముందైనను వెనుకైనను అపస్వరమే. పైగా ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు పోవునపుడెల్ల కడ్డీ జారుచునే యుండుటచే సరళీస్వరములు కూడ శోకములవలె వినబడెను. మా వీధి సోదరి విన్నది వానినే. మా అత్తగారు మాత్రము, "ఫరవాలేదులే, నాకు మధ్యాహ్నము నిద్ర పట్టదు గదా" అనిరి. అది మెచ్చికోలో ఎత్తిపొడుపో యిప్పటికిని తెలియదు.

మూడు నెలలు వర్ణము జోలికి పోక సరళీస్వరములే సాధించితిని. మీటి, కడ్డీని లేశమాత్రము ఎత్తి, తరువాతి చోట దింపి మఱల మీటుట. జారుట అక్కఱయైనచోటనే జాఱుట. మిరపకోతల నెలలలో తొడిమలు తీసిన చేతులు మండుచుండ మీటుట కష్టము. ఆ దినములలో నోటితో పాడుకొని యూరకుంటిని. చెమట తగిలి తంత్రులు త్రుప్పు పట్టకుండ వాయించిన వెంటనే పొడిగుడ్డతో తుడువవలెను. పలనాటి యెండకు శ్రుతి గంటకొక మాఱు చెడును. జొన్నకూటిని తలచి శ్రీనాథుడు వాపోయిన సీమ యిది. గిటారు తెచ్చుకొనియుండిన ఎండను గూర్చియు నొక పద్యము చెప్పియుండునేమో.

నాలుగవ నెలలో వర్ణము నెత్తుకొంటిని. దీనిని రచించినవారు పచ్చిమిరియము ఆదియప్పయ్యగారు, శ్యామశాస్త్రిగారికి గురువులు. తంజావూరి గడ్డపై బుట్టినను మాటలు తెలుగువి. అటతాళమనగా ఐదు, ఐదు, రెండు, రెండు చొప్పున 14 అక్షరములు. పప్పుపొంగు చూచుచు లెక్కించునది కాదు. అయినను తాళము నన్నంతగా బాధింపలేదు. బాధించినది ధైవతము.

భైరవికి రెండు ధైవతములు. ఎక్కునపుడు చతుశ్శ్రుతి ధైవతము, దిగునపుడు శుద్ధధైవతము. షడ్జమునకు శ్రుతిచేసిన తంత్రిమీద శుద్ధధైవతము 8వ మెట్టు గుర్తునను, చతుశ్శ్రుతి ధైవతము 9వ గుర్తునను పలుకును. నా గిటారుపై వాని నడుమ దూరము అంగుళమునకు కొంచెము తక్కువ. పైస్థాయిలో అందులో సగము. వీణమీద మెట్టు మాఱిన వ్రేలికి తెలియును. ఇచ్చట చేతికి ఏమియు తెలియదు, చెవికే తెలియవలెను. నేను దిగుచు దిగుచు రెండింటి నడుమ నెక్కడనో నిలిచిపోవుచుంటిని. కన్ను గుర్తులను నమ్మి పోయినపుడు స్వరము సరియైన చోటనే పడును గాని భైరవి కాదు, లెక్కల పట్టికవలె నుండును. గాంధారము సంగతియు నంతే. అది గుర్తుమీద నిలుచునది కాదు, ఊగునది. ఊపు హెచ్చిన రాగము చెడును, తగ్గిన రాగము చచ్చును.

ఒక రాత్రి కరెంటు పోయినది. పిల్లలు నిద్రించిరి. చీకటిలో గుర్తులు కనబడవు గదాయని గిటారు ప్రక్కన పెట్టబోయి, మఱల తీసికొని, పల్లవి మెల్లగా పాడుచు పాటవెంట కడ్డీని పోనిచ్చితిని. ధైవతము వచ్చినది. దీపము వెలిగినపిమ్మట మఱల పోయినది. అటుపైని ప్రతిదినము గుర్తులమీద సన్నని గుడ్డపేలిక పఱచి వాయించితిని. తంత్రుల క్రిందుగా పఱవవలెను సుమా. తంత్రులకు తగిలినచో మ్రోత చచ్చును. సెల్‌ఫోనులో పట్టి వినిపించుకొనుటయు మంచి సాధనమే. మనము వాయించుచు విన్నదియు, పట్టి విన్నదియు ఒక్కటి కావు. రెండవదియే నిజము, అందుచే నది చాల చేదుగా నుండును.

దసరాకు మావారును నేనును పెట్టె మోసికొని బస్సులో నరసరావుపేటకు పోయితిమి. మేనత్తగారికి ఇప్పుడు వెలుగునీడలు తప్ప కనబడవు. వీణ తెచ్చితినని యామె తలంచిరి. నేను మాటాడక చాపమీద కూర్చుండి, వర్ణము పల్లవినుండి చరణము సగమువఱకు వాయించితిని. చేతులు వణకుటచే కడ్డీ రెండు చోట్ల తంత్రికి కొట్టుకొన్నది. ఆపినపిమ్మట ఆమె యించుకసేపు పలుకలేదు.

"ఇది వీణ కాదు. మెట్టు వినబడుట లేదు. ఏమిటమ్మాయీ ఇది?" అనిరి.

చెప్పితిని. గుమ్మడికాయ సంగతియు, ఆఱేండ్లుగా దాచిన సంగతియు చెప్పితిని. ఆమె చేయి చాచి నా యెడమచేతిని వెదకి పట్టుకొని, చూపుడువ్రేలిని మొదటినుండి కొనవఱకు తడవి, కణుపువద్ద నాగి, నొక్కి చూచిరి.

"ప్రతి దసరాకును పనులున్నవంటివి, ఈ పనియా?" అనిరి. నేను తల వంచుకొంటిని, ఆమెకు కనబడదని తెలిసియు.

"సరే, కడ్డీ యేది?" అనిరి. చేతికిచ్చితిని. బరువు చూచి, నున్నదనము చూచి, మఱల నా వ్రేళ్ళ నడుమ పెట్టి, వ్రేలు ఎట్లు పరుండునో తడవి తెలిసికొనిరి.

"శుద్ధధైవతము మఱీ క్రిందికి దిగినది. భయపడి దిగుచున్నావు. ముందు పాడు, తరువాత వాయించు" అనిరి.

పాడితిని. వాయించితిని. "ఇంకను కొంచెము పైకి" అనిరి. నాలుగవ మాఱు తల యూచిరి. ఆ పూట మిగిలిన చరణస్వరములలో రెండు చెప్పిరి. ఆఱుగంటల బస్సు పోయినది. మావారు అరుగుమీద కూర్చుండి వార్తాపత్రికను రెండవసారి చదువుకొనిరి. తక్కిన స్వరములు సంక్రాంతికి చెప్పుదుమనిరి.