1961 దాకా బతకనియ్యని సభ

హైదరాబాద్ రాష్ట్రానికి సొంత శాసనసభ ఉండేదంటే ఇప్పటి డిగ్రీ పిల్లలు నమ్ముతలేరు. 1956కు ముందు నిజాం తప్ప మనకు ఇంకేం లేదన్నట్టు చెప్పిన పాఠాల ఫలితమిది. మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు, తెలంగాణ కలిసి 175 మందిని ఎన్నుకున్న సభ అది. 1952ల పుట్టింది. 1956 అక్టోబర్ 31తో పోయింది. ఐదేండ్లన్నా నిండలేదు.

ఎసుంటి కాలంల పుట్టిందో యాది చేసుకోవాలె. సాయుధ పోరాటం ఆపింది 1951 అక్టోబర్‌ల. కొద్ది నెలలకే ఓట్లు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండె, పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతోని నిలబడి 42 సీట్లు గెలిచిన్రు. మన ఓరుగల్లుల పెండ్యాల రాఘవరావు వరంగల్ లోక్‌సభ, హన్మకొండ, వర్ధన్నపేట అసెంబ్లీ మూడూ ఒక్కసారే గెలిచిండు. లోక్‌సభకు ఆయన మీద ఓడింది ఎవరనుకున్నరు? మన కాళోజీ! ఇద్దరూ మనోళ్లే, ఎవరికెయ్యాల్నో తెల్వక మన తాతలు ఎంత తన్లాడిన్రో.

1955ల ఫజల్ అలీ కమిషన్ ఏమన్నది? తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగనే ఉంచుండ్రి, 1961 ప్రాంతంల ఎన్నికలైనంక ఆ శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతోని ఒప్పుకుంటేనే ఆంధ్రల కలుపుండ్రి అన్నది. తాళంచెయ్యి మన సభ చేతికిచ్చింది.

ఆగలేదు. ఆ ఏడు చివరల్నే ఉన్న సభను అభిప్రాయం అడిగిన్రు. 147 మంది చెప్తే 103 మంది విశాలాంధ్ర అన్నరు. దాచుడెందుకు, మన జిల్లాల సభ్యుల్ల గూడ అటే ఎక్కువున్నరు. తుపాకి పట్టిన పల్లెలు గెలిపించిన ఫ్రంటు విశాలాంధ్ర జెండా ఎత్తింది. ఈ తప్పు మనోళ్లదే, ఒప్పుకోవాలె. కని ఆ 103ల బొంబాయికి, మైసూరుకు పోయే జిల్లాలోళ్లు గూడ ఉండిరి. మన ఇంటి సంగతి వాళ్లెందుకు చెప్పాలె? పైగ వీళ్లను జనం 1952ల ఎన్నుకున్నది ఈ ముచ్చట మీద కానే కాదు. కమిషన్ అడిగింది ఇంకా పుట్టని సభను.

ఆ సభను పుట్టనియ్యలేదు. 1955ల ఎన్నికైన 196 మంది ఆంధ్ర సభ్యులు అట్లనే ఉండంగ, 1957ల తెలంగాణల 105 సీట్లకే ఎన్నికలు పెట్టిన్రు. 301 మందిల మనోళ్లు 105. మూడింట రెండొంతులంటే 201. మనోళ్లందరు ఒక్కతాటి మీద నిలబడ్డా ఏం కావాలె?

2014 జనవరిల గదే సభ మన బిల్లును మూజువాణి ఓటుతోని తిప్పికొట్టింది. రాజ్యాంగం 3వ అధికరణం కింద అది ఉత్త అభిప్రాయమే, ఫిబ్రవరిల పార్లమెంటు బిల్లు పాస్ చేసింది. సభ మాట వినరా అని ఆంధ్ర నాయకులు మొత్తుకున్నరు. 1961 సభ మాట ఎవరు విన్నరని అప్పుడు ఒక్కలన్నా అడిగిన్రా?