పెద్దల ఆరోగ్యం మన అమానత్

"ఈ వయసులో దగ్గు, ఆయాసం ఉండవా?" మెదక్ పట్టణంలో బీడీలు చుట్టి సంసారాలను ఈదిన తల్లుల నోట ఈ మాట మేము తరచుగా వింటున్నాము. దశాబ్దాల తరబడి పీల్చిన పొగాకు ధూళి తెచ్చిన బాధను వారు వృద్ధాప్యం ఖాతాలో వేసి, తఖ్దీర్ అని సరిపెట్టుకుంటున్నారు. కొడుకులు గల్ఫ్‌లోనో హైదరాబాదులోనో ఉంటే ఆసుపత్రికి తోడు వచ్చేవారు ఉండరు. 2019లో 2,016 రూపాయలకు పెరిగిన ఆసరా పింఛను బియ్యానికి, మందులకు ఏపాటి?

రంజాన్‌లో ఈ నిర్లక్ష్యం ప్రాణాల మీదికి వస్తుంది. ఇన్సులిన్ తీసుకునే పెద్దలు వైద్యుని సంప్రదించకుండా రోజా పాటిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. రోగులకు ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలోనే మినహాయింపు ఇచ్చింది. కోలుకునే ఆశ లేనివారు ఫిద్యాగా ఒక పేదకు అన్నం పెట్టవచ్చునని ఉలమాలు చెబుతారు. చికిత్స చేయించుకోవడం దైవప్రవక్త (స) బోధనే. ఈ సంగతి మన పెద్దలకు చెప్పకపోవడం మన తప్పు.

మసీదు కమిటీలకు మా విన్నపం: జుమా ప్రసంగాలలో ఈ విషయం వినిపించండి. ప్రతి మొహల్లాలో కొందరు యువతీయువకులు పెద్దలను ఆసుపత్రికి తీసుకువెళ్లే బాధ్యత స్వీకరించాలి. ఉర్దూ మన రాష్ట్ర రెండవ అధికార భాష. కనుక బీడీ కార్మికుల వాడలలో ఉర్దూ తెలిసిన సిబ్బందితో ఊపిరితిత్తుల, మధుమేహ పరీక్షా శిబిరాలను ప్రభుత్వం క్రమం తప్పక నిర్వహించాలి. తల్లిదండ్రుల మందుల చీటీ చదివి వినిపించడం కూడా ఖిద్మతే.