నూట ఎనిమిది వెనుక ఖజానా

సూరత్ నగరంలో, తపతీ నదికి ఉత్తరపు గట్టున ఉన్న పేట అమ్రోలి. అక్కడి మరమగ్గాల శాలలో రాత్రి షిఫ్టులో ఎవరి చెయ్యి అయినా యంత్రంలో పడితే తోటివారు 108కి ఫోను చేస్తారు. ఆ పిలుపు అహమ్మదాబాదు దగ్గరి కఠ్వాడా కేంద్రానికి చేరుతుంది. అక్కడి ఆదేశంపై వాహనం బయలుదేరుతుంది. క్షతగాత్రుని వద్ద ఒక్క పైసా పుచ్చుకోరు.

తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ సూరత్ చేరిన నేత కుటుంబాలు ఎన్నో. ఆ వాహనమూ తమ వైపు నుంచే వచ్చిందని వారిలో ఎందరెరుగుదురో! లాభాపేక్ష లేని ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ 2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రంగా ఈ సేవను ఆరంభించింది. గుజరాత్‌లో అది 2007 ఆగస్టు 29న అడుగుపెట్టింది.

సంస్థాపకుడు సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు. 2009 జనవరి 7న ఆయన తన కంపెనీ లెక్కలు కల్పితాలని ఒప్పుకున్నారు. ఒక్క దాత దయ మీద నడిచే సత్రమైతే అంతటితో తలుపులు మూసుకునేదే. కాని వాహనాలు ఆగలేదు. నిర్వహణ వ్యయంలో అత్యధిక భాగం అప్పటికే రాష్ట్ర ప్రభుత్వాల ఖజానాల నుంచి వస్తూ ఉండటమే అందుకు కారణం. ఆ ఏడే జి.వి.కె. పారిశ్రామిక సంస్థ యాజమాన్య బాధ్యత స్వీకరించింది.

దానశీలతకు పేరుపడ్డ అమెరికాలోనూ కథ ఇంచుమించు ఇదే. 2023లో అమెరికన్లు ఇచ్చిన విరాళాలు సుమారు 55,700 కోట్ల డాలర్లు. అంతటి మొత్తమూ అక్కడి లాభాపేక్ష లేని రంగపు ఆదాయంలో చిన్న వాటాయే. ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు వసూలు చేసే రుసుములది అగ్రస్థానం, ప్రభుత్వ ధనానిది ఆ తరువాతి స్థానం. మరొక విశేషమేమంటే, దాతల సంఖ్య తరుగుతోంది. 2000లో ప్రతి మూడు కుటుంబాలలో సుమారు రెండు ఏదో ఒక విరాళం ఇచ్చేవి. 2018 నాటికి అటువంటివి సగమైనా లేవు. మొత్తం పెరుగుతున్నది సంపన్నుల పెద్ద చెక్కుల వల్లనే. పదీ పాతికా ఇచ్చే సామాన్యుడు తప్పుకుంటున్నాడు. ఇది ఉపేక్షించదగిన మార్పు కాదు. చిన్న దాతలు వేలమంది ఒక్కసారిగా మనసు మార్చుకోరు. ధనికుడు ఒక్కడే మార్చుకోగలడు.

ప్రభుత్వ ధనమైనా శాశ్వతమని చెప్పలేము. 2025లో ఫెడరల్ ప్రభుత్వం అనేక గ్రాంట్లను నిలిపివేసినప్పుడు, వాటినే నమ్ముకున్న సంస్థలు సిబ్బందిని తగ్గించవలసి వచ్చింది. మన వద్ద ఈ ఒడుదొడుకు కాంట్రాక్టు రూపంలో వస్తుంది. గుజరాత్‌లో హైదరాబాదు సంస్థ సేవ కొనసాగింది గాని, సొంత గడ్డలో భాగమైన ఆంధ్రప్రదేశ్‌లో 2020 నాటికి ఆ పని ఇతరుల చేతికి పోయింది. ఫోను నంబరు మాత్రం మారలేదు.